పబ్లిక్ ఎకనామిక్స్ పేపర్లో మా రేవు

నేను ఇంజనీరింగు చదివిన కాలేజీ నుంచి ఎకనామిక్స్ ఎమ్మేకి రావాలనుకునే కుర్రాళ్లు అప్పుడప్పుడు ఫోన్ చేస్తారు. "అన్నా, పబ్లిక్ ఎకనామిక్స్ పేపరు ఎలా ఉంటుంది? లెక్కలు ఎక్కువా? స్కోరింగేనా?" అని అడుగుతారు. నేను వరసగా చెప్తాను. లెక్కలు మనం ఇంజనీరింగు మొదటి ఏడాదిలో చేసినవాటిని మించవు. గ్రాఫులు మాత్రం చాలా గీయాలి. గీయడంతో సరిపోదు, ప్రతి గీత కిందా అది ఏం చెబుతోందో మామూలు మాటల్లో రాయగలగాలి. అసలు ప్రభుత్వం ఎందుకు అన్న ప్రశ్నతో మొదలవుతుంది. తర్వాత అందరూ కలిసి వాడుకునే వాటి గురించి, ఒకడు చేసిన పనికి పక్కవాడు పడే కష్టం గురించి, పన్నుల గురించి, ఒక పని చేపట్టేముందు లాభనష్టాలు తూచడం గురించి ఉంటుంది. చివర్లో కేంద్రం, రాష్ట్రం, పంచాయతీల వాటాలు. ఇదంతా సిలబస్‌లో ఉంది, చదివితే వచ్చేస్తుంది. "సెమినార్‌ని మాత్రం తేలిగ్గా తీసుకోకండి" అంటాను. ఎందుకన్నా అంటే ఫోన్లో చెప్పడం కుదరదు. అందుకే ఇది రాస్తున్నాను.

నేను చదివింది మెకానికల్. క్యాంపస్‌లో వచ్చిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వద్దనుకుని రాజమండ్రిలో ఎమ్మేలో చేరాను. మా నాన్న అరటి రైతు. ఆయనకి ఇది అస్సలు రుచించలేదు. "మెట్లెక్కినోడు ఎవడైనా పైకెళ్తాడు. నువ్వేంట్రా, ఇంజనీరింగు చేసి ఎమ్మేకి దిగుతున్నావు?" అన్నాడు. అమ్మ మాత్రం, "వాడికి నచ్చింది వాణ్ణి చదువుకోనివ్వండి. రెండేళ్లే కదా" అంది.

పబ్లిక్ ఎకనామిక్స్ మూడో సెమిస్టర్లో వస్తుంది. మాకు చెప్పిన మేడం గారు మొదటి రోజు క్లాసులోకి వస్తూనే ఒక ప్రశ్న వేశారు.

"యానాం వెళ్లొచ్చినవాళ్లు చేతులెత్తండి."

మగపిల్లలందరం బెంచీల వైపు చూస్తూ కూర్చున్నాం. నా పక్కన భీమవరం నుంచి వచ్చిన స్నేహితుడు ఒక్కడే చెయ్యెత్తాడు. వాళ్లకి రొయ్యల చెరువులున్నాయి. భయం తక్కువ.

"గుడికెళ్లానండి" అన్నాడు.

"గుడికే వెళ్లుంటావులే. వచ్చేటప్పుడు బండిలో ప్రసాదం ఎన్ని సీసాలు తెచ్చావు?"

క్లాసు నవ్వు ఆగాక ఆవిడ బోర్డు మీద ఒక సరిహద్దు గీత గీశారు. గీతకి ఇటు మన ఊళ్లలో మందు మీద ఒక పన్ను, అటు యానాంలో అంతకంటే తక్కువ పన్ను. ఇటు పన్ను పెంచితే ఇక్కడి ఖజానాకి ఎంత వస్తుంది, ఎంత సరిహద్దు దాటిపోతుంది, మమ్మల్నే చెప్పమన్నారు. చెప్పగలిగాం. అందరికీ తెలిసిన విషయమే అది. దానికో గ్రాఫు ఉందని మాత్రం ఆ రోజే తెలిసింది.

ఆ పేపరంతా ఇలాగే నడిచింది. చెరువుల్లోని ఉప్పునీరు డ్రెయిన్లోకి వదిలితే పక్కన వరిచేను ఏమవుతుందన్న పాఠం వచ్చిన రోజు అందరూ నా స్నేహితుడి వైపు తిరిగారు. "నన్ను చూస్తారేంటండి, మా నీళ్లు ఉప్పగా ఉంటే నా తప్పా?" అన్నాడు వాడు. మేడం గారు, "నీ తప్పని ఎవరన్నారు? నీ ఖర్చు అంటున్నాను. ఆ తేడా పట్టుకుంటే ఈ యూనిట్ నీకు వచ్చేసినట్టే" అన్నారు. వాడు ఆ మాట రాసుకోవడం నేను చూశాను. వాడు క్లాసులో రాసుకోవడం అరుదు.

పన్నుల పాఠంలో నా వంతు వచ్చింది. అరటి గెలలు కొనే వ్యాపారి మీద పన్ను వేస్తే చివరికి ఎవరు కడతారని అడిగారు. వ్యాపారేనన్నాను. కోసిన గెల ఎన్నాళ్లు ఆగుతుందన్నారు. ఆగదండి అన్నాను. వ్యాపారి ఆగగలడా అన్నారు. రేపు కొనగలడు, ఇంకో ఊళ్లో కొనగలడు అన్నాను. "అయితే ఎవరు మోస్తారు?" రైతేనండి అని కూర్చున్నాను. ఆ వారం ఇంటికెళ్లినప్పుడు ఇది నాన్నకి చెప్తే, "దీనికి రాజమండ్రి దాకా వెళ్లాలేంట్రా? పొద్దున్నే రావులపాలెం మార్కెట్లో నుంచుంటే ఊరికే చెప్తారు" అన్నాడు. అన్నాక మళ్లీ తనే, "గ్రాఫు ఎలా గీశారు?" అని అడిగాడు.

సెమినార్‌కి మేడం గారు పెట్టిన నియమం ఇది. మన ఊళ్లో పదిమందీ వాడుకునేది ఒకటి తీసుకోవాలి. ఎవరు వాడుతున్నారు, ఎవరు మోస్తున్నారు, ఆ పద్ధతి మారిస్తే ఏమవుతుంది, ఈ మూడింటికీ జవాబు చెప్పాలి. పుస్తకంలోంచి ఉదాహరణ తెస్తే సున్నా. నేను ఆలోచించాల్సిన పని లేకపోయింది. సరిగ్గా ఆ ఏడాదే మా రేవు పద్ధతి మారింది. దానివల్ల మా ఇంట్లో రోజూ గొడవే.

మాది గోదావరి మధ్య లంక. వంతెన లేదు. మనిషైనా, బండైనా, అరటి గెలైనా పంటు మీదే దాటాలి. రెండు పడవలు పక్కపక్కన కట్టి, పైన చెక్కలు పరిచి, ఇంజను బిగిస్తే అదే పంటు. తాతల నాటి నుంచీ మా ఊరివాళ్లకి టికెట్టు లేదు. ఇంటికింతని ఏడాదికోసారి రేవు నడిపేవాడికి మేర ఇస్తారు. వెనక కొబ్బరికాయలు ఇచ్చేవారు, ఇప్పుడు డబ్బు. మేర ఇచ్చిన ఇంట్లోవాళ్లు ఏడాదంతా ఎన్నిసార్లు దాటినా అడిగేవాడు లేడు. ఆ ఇంటికొచ్చే చుట్టాలకీ లేదు. ఊరి అల్లుళ్లయితే కాలు మీద కాలేసుకుని దాటుతారు. టికెట్టంటూ ఉంటే పై ఊళ్లవాళ్లకీ వాళ్ల బళ్లకే.

రేవు హక్కుని పంచాయతీ ఏటా వేలంపాట పెడుతుంది. ఆ ఏడాది గట్టు అవతలి ఊరాయన ఒకాయన ఎప్పుడూ లేనంత పాడాడు. పంచాయతీకి వీధి దీపాలకీ మంచినీళ్ల ఫిల్టరుకీ డబ్బు కావాలి. పాటదారు ఒక్క షరతు పెట్టాడు: మేర ఉండదు, ఎవరు దాటినా మనిషికి టికెట్టు, గంపకి వేరే టికెట్టు. పంచాయతీ ఒప్పుకుంది.

నాన్న టికెట్టు వైపు. "నేను దాటేదే నెలకి నాలుగుసార్లు. రోజూ దాటేవాడితో సమానంగా నేనెందుకు మేర కట్టాలి? ఎంత వాడుకుంటే అంత కట్టాలి, అది న్యాయం" అనేవాడు. అందులో తప్పేమీ లేదు. మా పుస్తకంలో కూడా ఆ వాదన ఉంది.

అమ్మ మాత్రం రోజూ దాటేది. లంకలో పండిన వంకాయలూ బెండకాయలూ గంపలో పెట్టుకుని అవతలి ఊరి సెంటర్లో కూర్చుని అమ్మేది. పెళ్లయిన కొత్తలో మొదలుపెట్టిన పని. నా ఇంజనీరింగు ఫీజుల్లో సగం ఆ గంపలోంచే వచ్చింది. ఇప్పుడు పోను టికెట్టు, రాను టికెట్టు, గంపకి టికెట్టు. అవి పోగా మిగిలేది చూసుకుని అమ్మ రోజు మార్చి రోజు వెళ్లడం మొదలుపెట్టింది. వెళ్లని రోజు కోసిన కూరగాయలు మర్నాటికి వాడిపోతున్నాయి. అంతకంటే పెద్ద చిక్కు, అమ్మ కూర్చునే చోటు. సెంటర్లో చోటంటే కాగితం మీద రాసిచ్చేది కాదు. రోజూ కూర్చుంటేనే అది మనది.

"నిన్న నా చోట్లో ఎవరో పుచ్చకాయలు దించారు" అంది ఒకరోజు. "లేవమంటే, రోజూ రానిదానివి నీకెందుకమ్మా అన్నాడు."

ఇలాగే ఇంకో ఆరు నెలలు గడిస్తే అమ్మ ఆ పని మానుకోవాల్సిందే. అది ముగ్గురికీ తెలుసు. సెమినార్ టాపిక్ అడిగితే నేను మా రేవు పేరు ఇచ్చాను.

నాకు వచ్చిన చదువుతో మొదలుపెట్టాను. ఇంజను. పంటు నడిపే సరంగు చిన్నప్పటి నుంచి నన్ను ఎరిగున్నవాడు. డీజిల్ ట్యాంకుకి కొలత గొట్టం బిగించి, పంటు ఖాళీగా వెళ్లినప్పుడూ నిండుగా వెళ్లినప్పుడూ ఎంత తాగుతోందో చూస్తానన్నాను. పాటదారుని కూడా అడిగాను. "చూసుకోండి ఇంజనీరు గారు. పనిలో పని మైలేజీ పెంచిపెట్టండి, మీ అమ్మగారికి ఓ గంప టికెట్టు మాఫీ చేస్తాను" అన్నాడు. ఎటకారమే అయినా అడ్డు చెప్పలేదు.

కాలేజీ లేని రోజుల్లో పంటు మీదే ఉండి కొలిచాను. ట్రాక్టరో, గెలలు నింపిన లారీయో ఎక్కితే డీజిల్ తేడా బాగా తెలుస్తోంది. ఎదురుగాలి ఉంటే తెలుస్తోంది. మనుషులు ఎక్కువైనా తక్కువైనా నా కొలత గొట్టానికి పట్టడమే లేదు. పంటు ఎలాగూ అవతలికి వెళ్తుంది. అందులో ఇంకొక మనిషి ఎక్కితే అదనంగా అయ్యే ఖర్చు లేదు. ఆ మనిషి ఒడ్డునే ఆగిపోతే ఎవరికీ మిగిలేదీ లేదు. కానీ టికెట్టు వల్ల ఆగిపోతున్నారు. పంటు సగం ఖాళీగా తిరుగుతోంది. పుస్తకంలో గీత గీసి చూపించినదాన్ని నేను ఇంజను పక్కన కూర్చుని కొలిచాను. ఇప్పటికీ నాకు అది గర్వంగానే ఉంటుంది.

సెమినార్లో ఇదంతా చెప్పాను. క్లాసు శ్రద్ధగా విన్నది. నా స్నేహితుడు లేచాడు. "మేర ఎగ్గొట్టి దాటేవాడు ఉంటే? ఫ్రీ రైడర్ అని మనం పదిహేను పేజీలు చదివాం కదా."

"పంటు మీద అందరి మొహాలు అందరికీ కనపడతాయి. మేర ఎగ్గొట్టినవాడు ఎక్కితే అవతలి ఒడ్డు వచ్చేదాకా వాణ్ణి ఆడవాళ్లు ఊరుకోరు. ఈదుకుంటూ పోవడమే నయం."

అందరూ నవ్వారు. మేడం గారు కూడా నవ్వి, ఒక ప్రశ్న అడిగారు. "మేర అంటే డబ్బొక్కటేనా? మీ ఊరివాళ్లు రేవుకి ఇంకేమైనా ఇస్తున్నారా?"

లేదండి, డబ్బేనండి అన్నాను.

"ఇంకోసారి చూడు. అప్పుడు మార్కులు వేస్తాను."

నాకు రోషం వచ్చింది. అంత కొలిచినా ఇంకా ఏం కావాలనిపించింది. అయినా చూడమన్నారు కాబట్టి చూశాను. ఏమీ కనపడలేదు, వరద వచ్చేదాకా.

నీళ్లు ఎర్రబడ్డాక ధవళేశ్వరం దగ్గర మొదటి హెచ్చరిక వేస్తారు. ఆ కబురు రాగానే మా రేవులో పంటుని గట్టు మీదకి లాగి కట్టేయాలి. లేకపోతే ప్రవాహం తీసుకుపోతుంది. అరటి బోదెలు నరికి గట్టు వాలున అడ్డంగా పరుస్తారు. బోదె నీళ్లూరి జారుతుంది కదా, దాని మీద మోకులతో పంటుని లాగుతారు. ఊళ్లో మగవాళ్లంతా పట్టాలి. సరంగు హారన్ కొడితే తినేవాళ్లు తినేచోటు నుంచి చెయ్యి కడుక్కుని వచ్చేస్తారు. నేను పుట్టినప్పటి నుంచీ చూస్తున్నది. చూస్తున్నది కాబట్టే అది ఒక విషయమని నాకు తోచలేదు.

ఆ రోజు నేను ఇంట్లోనే ఉన్నాను. పొద్దున్నే హారన్ మోగింది. నేనూ నాన్నా రేవుకి వెళ్లేసరికి ఊరంతా అక్కడే ఉంది. కానీ గట్టు మీదే ఆగిపోయింది. కింద మోకు దగ్గర సరంగూ, పాటదారూ, అతని పనివాళ్లు ముగ్గురూ ఉన్నారు.

"రండి బాబూ, తలో చెయ్యీ వేయండి" అన్నాడు పాటదారు.

గట్టు మీద నుంచి ఒక పెద్దాయన, "చెయ్యి వేయడానికి టికెట్టెంతండి?" అన్నాడు.

నవ్వులు.

"ఎటకారాలకి టైమా అండి ఇది?"

"ఎటకారం కాదండి. మేం ప్యాసింజర్లం. బస్సు డిపోలో పెట్టేటప్పుడు ప్యాసింజర్లని పిలుస్తారేంటి?"

పాటదారు సరంగు వైపు తిరిగాడు. "పాట షరతుల్లో ఈ లాగుడు సంగతి లేదే? ఇంజను రాశారు, లైఫ్ జాకెట్లు రాశారు, వేళలు రాశారు. ఇదెందుకు రాయలేదు?"

"అదెవరు రాస్తారండి" అన్నాడు సరంగు. "అన్నం పెట్టినోళ్లు నమలమని రాసిస్తారేంటి?"

నేనూ ఇంకో నలుగురూ దిగి మోకు పట్టాం. కదల్లేదు. పాటదారు పరుగెత్తి ఒక ట్రాక్టరు మాట్లాడి తెచ్చాడు. ట్రాక్టరు లాగే లాగుడుకి ఒడుపు లేదు. మనుషులైతే బోదె జారిందనగానే పట్టు సడలిస్తారు. ట్రాక్టరు ఒకే పట్టున లాగేసింది. పంటు పక్కకి తిరిగి గట్టుకి కొట్టుకుంది. ఎడమ పడవ చీలింది. అలా చీలినదాన్నే రెండు కొబ్బరిచెట్లకి కట్టి వదిలేశారు.

ఇంటికి నడుస్తుంటే మేడం గారి ప్రశ్నే నాకు వినపడుతూ ఉంది. ఊరివాళ్లు మేరలో డబ్బుతోపాటు చెయ్యి కూడా ఇస్తున్నారు. పంటు మాది అన్నంతకాలం ఇచ్చారు. టికెట్టు చేతిలో పెట్టిన రోజు అది పాటదారుది అయిపోయింది. ఊళ్లో ఎవరూ దీని మీద మాట్లాడుకోలేదు, కట్టడి చేసుకోలేదు. ఎవరికి వారు గట్టు మీద ఆగారు.

వరద తీశాక పంటు బాగయ్యేదాకా చిన్న నావ ఒక్కటే తిరిగింది. అందులో గంపలు ఎక్కించుకోరు. అమ్మ పూర్తిగా ఇంట్లోనే ఉండిపోయింది. వంకాయలు గేదెలకి వేశాం. "ఈ నెల కూడా వెళ్లకపోతే ఇక ఆ చోటు నాది కాదురా" అంది.

గ్రామసభ పెట్టారు. బడి ఆవరణలో టెంటు వేశారు. పాటదారు కూడా వచ్చి కూర్చున్నాడు. అతనికీ కష్టంగానే ఉంది. అనుకున్నంత టికెట్టు రావడం లేదు, పడవ బాగుచేయించే ఖర్చు నెత్తిన పడింది. అందరూ ఒకేసారి మాట్లాడుతుంటే అమ్మ లేచి, "సర్పంచి గారండి, మావాడు రాజమండ్రిలో దీని మీదే చదువుతున్నాడు. ఓసారి చెప్పనివ్వండి" అంది. అమ్మ సభలో నిలబడి మాట్లాడటం నేను అంతకుముందు చూడలేదు.

క్లాసులో చెప్పినట్టే చెప్పాను, గ్రాఫు లేకుండా. డీజిల్ మనిషిని బట్టి కాదు, బరువుని బట్టి అవుతోందని చెప్పాను. మనుషులు తగ్గినందువల్ల పాటదారుకి మిగిలిందేమీ లేదని చెప్పాను. మోకు పట్టే చేతులు మేరలో భాగమని, వాటికి ధర కడితే ఏ పాటదారూ ఇచ్చుకోలేడని చెప్పాను. "మేర మళ్లీ పెట్టండి. మనిషికీ గంపకీ టికెట్టు వద్దు. లారీకీ ట్రాక్టరుకీ, పైవాళ్ల బళ్లకీ వేయండి. గెలల లోడు ఎవరిదైతే వాళ్లు కట్టాలి."

నాన్న వెనక వరసలోంచి లేచాడు.

"గెలల లోడంటే ఊళ్లో ఎక్కువ నాదే కదా?"

"అవును నాన్నా."

"కన్నతండ్రి మీద పన్నెయ్యడానికా నిన్ను చదివించింది?"

టెంటంతా నవ్వింది. ఆ నవ్వులు ఆగేదాకా నాన్న నిలబడే ఉన్నాడు. ఆగాక, "డీజిలు లోడు వల్లే అవుతుంటే కట్టాల్సిందే. నేనన్న మాటే కదా, ఎంత వాడుకుంటే అంత. కడతాను. మేర కూడా కడతాను. వరదొస్తే మోకు కూడా పడతాను" అని కూర్చున్నాడు.

తర్వాత బేరాలు చాలాసేపు జరిగాయి. మేర ఎంతన్న దగ్గర రెండుసార్లు సభ లేచిపోబోయింది. పాటదారు లోడు టికెట్టు కాస్త పెంచుకున్నాడు, పంచాయతీ పాట సొమ్ములో కాస్త వదులుకుంది. వీధి దీపాలు కొన్ని ఆ ఏడాదికి ఆగాయి. మొత్తానికి ఊరివాళ్లకి టికెట్టు పోయింది. పాటదారు లేచి వెళ్తూ నా దగ్గర ఆగి, "మైలేజీ పెంచమంటే టికెట్టే తీసేశావయ్యా" అన్నాడు. ఈసారి అందులో ఎటకారం సగమే.

ఇదంతా చేర్చి సెమినార్ మళ్లీ ఇచ్చాను. మేడం గారు ఎన్ని మార్కులు వేశారో చెప్పుకోవాలని ఉంది కానీ, జూనియర్లు ఆశ పెంచుకుంటారు. తర్వాతి బ్యాచ్‌కి ఆ పాఠంలో మా రేవునే ఉదాహరణగా చెప్తున్నారని విన్నాను. అది మాత్రం చెప్పుకుంటాను.

పంటు బాగై నీళ్లలోకి దిగిన రోజు అమ్మతోపాటు నేనూ దాటాను. సెంటర్లో అమ్మ చోట్లో పుచ్చకాయల అతను ఉన్నాడు. అమ్మ గంప దించి అతని పక్కనే కూర్చుంది. మర్నాడు కూడా అలాగే కూర్చుందట, ఆ మర్నాడూ. వారం తిరిగేసరికి అతనే కాస్త జరిగాడు.

నేను రాజమండ్రి వెళ్లేముందు రోజు అమ్మ సాయంత్రం ఖాళీ చేతులతో రేవు వైపు బయల్దేరింది. పొద్దున్నే ఒకసారి వెళ్లి అమ్ముకుని వచ్చేసింది.

"మళ్లీ ఎక్కడికమ్మా?"

"ఎక్కడికీ లేదురా. అవతలి ఒడ్డున అల్లం టీ బాగుంటుంది. తాగొద్దామని."

ధర సున్నా అయితే మనుషులు ఎంత వాడుకుంటారో చెప్పే ఆ చుక్కని, గిరాకీ గీత అడుగు అక్షాన్ని తాకే చోట, పరీక్షల్లో చాలాసార్లు పెట్టాను. చెప్పులేసుకుని నేనూ అమ్మ వెంట వెళ్లాను.